ఏనుగు కాలికి గొలుసు, మావటి మీద నింద

ఇది కాస్త పొడుగు పోస్టు. తీరిక దొరికినప్పుడే చదవండి గానీ చివరిదాకా చదవండి. ఆఖర్న మీకో పని కూడా ఉంది.

రెండేళ్ళ కిందటి మాట. ఎండాకాలం, పరీక్షలు అయిపోయిన రోజు. హాస్టల్ ఖాళీ చేసి పెట్టెలూ బేగులూ పట్టుకుని మేం అయిదుగురం అమలాపురం గడియార స్తంభం సెంటర్లో నిలబడ్డాం. ఇద్దరు మారేడుమిల్లి వైపు కొండరెడ్లు, ఒకడు చింతూరు కోయ. మిగతా ఇద్దరూ ఇక్కడివాళ్ళే. ఒకడు రాజోలు పక్క ఎరుకల కుర్రాడు, ఇంకొకడు కొత్తపేట వైపు యానాది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. ఆ ఎండలో ఒక ఏనుగు వచ్చింది.

నుదుటి మీద ముగ్గులేసినట్టు రంగులు, మెడలో గంట, వీపు మీద కాషాయం కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన. ముందు నడిచేది మాత్రం మా ఈడు కుర్రాడు. బక్కగా, నల్లగా, కాళ్ళకి చెప్పుల్లేకుండా. షాపుల ముందు ఆగడం, పది రూపాయలు ఇస్తే తొండం నెత్తిమీద పెట్టించడం, మళ్ళీ ఇంకో షాపు. ఏనుగు ఒక కాలు ఎత్తి ఇంకో కాలు వేస్తూ అటూ ఇటూ ఊగుతోంది. "డాన్స్ చేస్తందిరా" అని ఎవరో నవ్వేరు. మేమూ నవ్వేం. అది డాన్స్ కాదని తర్వాత తెలిసింది.

మురుక్కాలవలో నీళ్ళు కనబడేసరికి అది పక్కకి తిరిగింది. కుర్రాడు అంకుశంతో చెవి వెనక పొడిచేడు. చుట్టూ ఉన్నవాళ్ళు వాణ్ణి బూతులు తిట్టేరు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీస్తూ "అడవి నాయాళ్ళు, జాలీ దయా ఉండవు" అన్నాడు. అదే ఆయన అంతకు ముందే పది రూపాయలిచ్చి తొండం కింద తల పెట్టాడు! మా ఎరుకల తమ్ముడు వచ్చీరాని హిందీలో ఆ కుర్రాణ్ణి పలకరించాడు. ఏనుగు వాడిది కాదు. వీపు మీద ఉన్నాయనదీ కాదట, ఎక్కడో ఉత్తరాదిలో ఓనరు ఉన్నాడు. వీడికి నెల జీతం. ఇంటికి వెళ్ళి ఎనిమిది నెలలైంది. మీదే ఊరని అడిగితే ఊరు పేరు చెప్పలేదు, "జంగల్" అన్నాడు.

బస్సు వచ్చేసింది. రాజమండ్రి దాకా ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఈ మధ్య బ్యాంకాక్ వీధుల్లో రాత్రిపూట ఏనుగులతో అడుక్కునే పాత వీడియో ఒకటి మన వాళ్ళలో తిరిగింది. కింద కామెంట్లు చూస్తే అమలాపురంలో విన్న మాటలే. మావటి రాక్షసుడు, వాణ్ణి కట్టేసి కొట్టాలి. అప్పుడు మేం కూర్చుని వెతకడం మొదలెట్టాం. ఏనుగుని అడవిలోంచి ఎవరు తెచ్చారు, ఎవరి కోసం తెచ్చారు, పని అయిపోయాక ఎవరు వదిలేశారు? చదివేకొద్దీ ఇది ఏనుగు కథొక్కటే కాదని అర్థమైంది.

మొదట మన నేల సంగతి. మహానది నుంచి గోదావరి దాకా ఉన్న దేశాన్ని కళింగం అనేవారు. మన ఏజెన్సీ కొండలన్నీ దాని అంచునే ఉన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఏ దేశపు ఏనుగు గొప్పదో వరసగా చెప్తాడు. కళింగం, అంగదేశం ఏనుగులు అన్నిట్లోకీ మేలైనవి, సౌరాష్ట్రం వైపువి తక్కువ రకం. కళింగ రాజు దగ్గర 700 ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంటే రెండు వేల ఏళ్ళ కిందటే మన తూర్పు కనుమల ఏనుగుకి సముద్రాల అవతల కూడా పేరుంది.

అదే అర్థశాస్త్రంలో ఇంకో చోటు ఉంది. అది చదివినప్పుడు మా చింతూరు అన్న లేచి కూర్చున్నాడు. ఏనుగుల అడవికి ఒక అధికారి ఉంటాడు. అతని కింద ఏనుగుల్ని చూసుకునేవాళ్ళు, కాళ్ళకి ఉచ్చులు వేసేవాళ్ళు, సరిహద్దు కాపలావాళ్ళు, వాళ్ళతో పాటు 'వనచరకులు', అంటే అడవిలో తిరిగే మనుషులు ఉంటారు. వీళ్ళు తమ వాసన తెలియకుండా ఏనుగు మూత్రం, పేడ ఒంటికి పూసుకోవాలి. నల్లజీడి కొమ్మలు కప్పుకోవాలి. అయిదో ఏడో ఆడ ఏనుగుల్ని ఎరగా తీసుకుని గుంపుల జాడ పట్టాలి. పడుకున్న చోటు, అడుగు, లద్దె, ఒరిగిపోయిన గట్టు చూసి మంద ఎంతుందో చెప్పాలి.

నల్లజీడి! మన తాతలు ఏరి సంతకి తీసుకెళ్ళే నల్లజీడి. దాని పాలు తగిలితే ఒళ్ళు పొక్కుతుందని మనకి చిన్నప్పుడే చెప్తారు. రాజు కోసం ఆ కొమ్మలు కప్పుకుని, ఏనుగు పేడ పూసుకుని అడవిలో పాకినవాళ్ళు ఎవరై ఉంటారు? రాజుగారి బంధువులైతే కాదు. అడుగు చూసి మంద లెక్క చెప్పే చదువు ఎవరికుందో మనకి తెలుసు. ఆ పుస్తకం వాళ్ళని ఒక్క మాటతో దాటేసింది. పేరూ లేదు, ఏ జాతో లేదు. ఏనుగుల జాతులకి మాత్రం మేలురకం, నాసిరకం అని గ్రేడింగు ఉంది.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పుస్తకంలో కొన్ని మంచి నియమాలున్నాయి. పిల్ల ఏనుగునీ, రోగంతో ఉన్నదాన్నీ, కడుపుతో ఉన్నదాన్నీ, పాలిచ్చే తల్లినీ పట్టకూడదు. ఏనుగుని చంపితే మరణశిక్ష. దానంతటది చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చి ఇస్తే నాలుగు పణాల పైచిలుకు బహుమానం. ఇది దయ అని మేం అనుకోవడం లేదు. ఏనుగంటే అప్పటి యుద్ధ ట్యాంకు, ట్యాంకుని పాడు చేసుకోకూడదు, అంతే. అయినా పాలిచ్చే తల్లిని పట్టొద్దన్న బుద్ధి ఆ రోజే ఉంది.

అశోకుడి సంగతి కూడా చెప్పాలి. కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపపడ్డాడని బడిలో చదువుకున్నాం కదా. ఆ 13వ శిలాశాసనంలోనే అడవి జనం గురించి ఒక మాట ఉంది. నేను పశ్చాత్తాపపడ్డా నాకు శక్తి పోలేదు, దారికి రండి, లేకపోతే చస్తారు అన్న అర్థం వచ్చే హెచ్చరిక. పాఠంలో ఆ వాక్యం మాకెవరూ చెప్పలేదు. అదే రాజు ఇంకో శాసనంలో ఏనుగుల అడవుల్లో ఫలానా రోజుల్లో జంతువుల్ని చంపొద్దని చెప్పాడు. అడవి మీద రాజు మనసు ఎప్పుడూ ఇలా రెండుగా ఉంటుంది కాబోలు.

తర్వాత వెయ్యేళ్ళకి పైగా ఇదే పద్ధతి. ఒడిశా రాజులకి ఏకంగా 'గజపతి' అని బిరుదు. ఆ గజపతుల ఏలుబడి పదిహేనో శతాబ్దంలో రాజమండ్రి దాటి దక్షిణానికి పోయింది, అంటే మన కోనసీమ లంకల మీద కూడా. ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనలకి లొంగినప్పుడు కప్పంగా ఇచ్చింది బంగారమూ, గుర్రాలూ, ఏనుగులూ. ఓడిన రాజు ఇచ్చేదీ ఏనుగే, గెలిచిన రాజు ఊరేగేదీ ఏనుగు మీదే. అది ఏ కొండ నుంచి వచ్చిందో, దాన్ని దించడానికి ఎంతమంది చచ్చారో ఏ శాసనమూ చెక్కలేదు.

ఇంతా చేసి ఏమైంది? ఆంధ్ర అడవుల్లో ఏనుగే లేకుండా పోయింది. సుమారు రెండు వందల ఏళ్ళ పాటు మన రాష్ట్రంలో అడవి ఏనుగు లేదని అటవీశాఖవాళ్ళే చెప్తారు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటకల నుంచి కుప్పం వైపు దిగేదాకా ఇంతే. వాటి కోసమే 1990లో చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం వచ్చింది. అందుకే మా ముత్తాతల దగ్గర పులి కథలు బోలెడు, ఎలుగు కథలు బోలెడు. ఏనుగు కథ అడిగితే గుడి ఏనుగూ, సర్కస్ ఏనుగూ తప్ప ఏమీ రాదు. ఒక జంతువు అడవిలోంచి పోతే దాంతో పాటు మాట కూడా పోతుంది.

పట్నం ఏనుగు సంగతికొస్తే మన తెలుగు వాళ్ళకి హైదరాబాదే పెద్ద ఉదాహరణ. మొహర్రం పదో రోజున డబీర్‌పురా బీబీకా అలావా నుంచి బీబీకా ఆలం ఏనుగు మీద ఊరేగుతుంది. బోనాల్లో అమ్మవారి ఘటం ఏనుగు మీద వస్తుంది. రెండూ జనం గుండెల్లో ఉన్న పండగలే, వాటిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ జనం, డప్పులు, డీజేలు, చార్మినార్ దగ్గర తారు రోడ్డు మధ్యన ఏనుగుకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించాలి కదా. చాలా ఏళ్ళు నెహ్రూ జూపార్కులో ఉండే రజని అనే ఏనుగే రెండు పండగలకీ నడిచింది. జంతు సంక్షేమం వాళ్ళు అభ్యంతరం చెప్పాక, జూ ఏనుగుని పంపడం కష్టమయ్యాక పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో తెప్పించడం మొదలైంది. ఒకరోజు ఊరేగింపు కోసం వందల కిలోమీటర్ల లారీ ప్రయాణం.

కొల్హాపూర్ దగ్గర నాందణి జైన మఠం ఏనుగు మహాదేవి పేరు మీరు 2025 వార్తల్లో వినే ఉంటారు, జనం మాధురి అని పిలిచేది. దాన్ని తెలంగాణ ఊరేగింపులకి అనుమతి లేకుండా తిప్పారన్న ఆరోపణ కూడా ఆ కేసులో ఉంది. కాళ్ళు పాడైపోయాయని, ఒంటరితనంతో మానసికంగా దెబ్బతిందని పరీక్షించినవాళ్ళు చెప్పారు. బొంబాయి హైకోర్టు దాన్ని గుజరాత్‌లోని జామ్‌నగర్ కేంద్రానికి పంపమంది. జులైలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. కొల్హాపూర్‌లో వేలమంది ఏడుస్తూ రోడ్డెక్కారు. ఆ ప్రేమ అబద్ధమని మేం అనం. కానీ ఏనుగు పాదం ప్రేమని చూసి మానదు.

అమలాపురంలో చూసిన ఆ 'డాన్స్' సంగతి ఇక్కడే చెప్పాలి. ఏనుగు పాదం చూడ్డానికి రోలులా ఉంటుంది గానీ అడుగున మెత్తటి దిండు. నేలలోంచి వచ్చే అదురుని అది పాదంతో పసిగడుతుంది. మన చెవికి అందని లోతు గొంతుతో మైళ్ళ అవతల ఉన్న మందతో మాట్లాడుతుంది. రోజుకి 150 కిలోలకి పైగా మేత, 100 లీటర్లకి పైగా నీళ్ళు కావాలి. రోజులో పదహారు గంటలు తింటూ, నడుస్తూ ఉంటుంది. మనకి పట్టినట్టు ఒంటినిండా చెమట పట్టదు, చెవులు విసురుకుని, నీళ్ళూ బురదా చల్లుకుని చల్లబడుతుంది. అట్లాంటి జంతువుని సిమెంటు నేల మీద పొట్టి గొలుసుతో కట్టేస్తే గోళ్ళు పగులుతాయి, పాదం కుళ్ళుతుంది. నడవలేని నడకంతా ఊగుడుగా మారుతుంది. తల ఆడించడం, ఒకే చోట ముందుకీ వెనక్కీ ఊగడం, ఇవన్నీ మనసు చెదిరిన గుర్తులని పశువైద్యులు చెప్తారు. మనం చిల్లర వేసి నవ్వింది దానికి. మగ ఏనుగులకి మదం ఎక్కే నెలల్లో పని చేయించకూడదని మావటీలందరికీ తెలుసు. కానీ పండగ తేదీ మదాన్ని చూసి రాదు, కాంట్రాక్టు కూడా చూసి రాదు. అప్పుడు తొక్కించుకుని చచ్చేది ఎక్కువగా మావటే. పేపర్లో రెండు లైన్లు.

ఇక థాయ్‌లాండ్. అక్కడ సురిన్ అనే జిల్లా ఉంది, కంబోడియా సరిహద్దు వైపు. అక్కడ 'కుయ్' అనే జాతి ఉంది. బయటివాళ్ళు వాళ్ళని 'సువాయ్' అంటారు, ఆ మాటకి కప్పం కట్టేవాళ్ళు అని అర్థం చెప్తారు. మనకి మనం పెట్టుకున్న పేరొకటి, పైవాళ్ళు పెట్టే పేరొకటి, ఈ బాధ మనకి కొత్త కాదు. కుయ్ వాళ్ళు తరతరాలుగా అడవి ఏనుగుని పట్టి మచ్చిక చేసేవాళ్ళు. గేదె తోలుతో పేనిన పెద్ద మోకు వాళ్ళకి దైవం, దానికి పూజ చేయకుండా అడవిలో అడుగు పెట్టరు. రాజులకి యుద్ధ ఏనుగులు అందించింది వాళ్ళే. ఉత్తరాన కొండల్లో కరెన్ జాతి వాళ్ళు టేకు దుంగలు లాగే ఏనుగుల్ని నడిపేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ దేశంలో లక్ష ఏనుగులు ఉండేవని అంచనా. ఇప్పుడు మచ్చిక ఏనుగులు నాలుగు వేల లోపే.

1988 నవంబర్‌లో దక్షిణ థాయ్‌లాండ్‌లో పెద్ద వరదలొచ్చాయి. కొండలు బోడి చేసిన చోట మట్టీ, నరికి పడేసిన దుంగలూ కలిసి ఊళ్ళ మీదికి కొట్టుకొచ్చాయి. వందలమంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం అడవి నరకడాన్ని నిషేధించింది. నిర్ణయం సరైనదే. కానీ దుంగలు లాగిన వేల ఏనుగులూ, వాటి మావటీలూ ఒక్కసారిగా నిరుద్యోగులయ్యారు. లైసెన్సు తీసుకుని లాభం తిన్న కంపెనీకి ఏనుగు మేత బాధ్యత లేదు. ఊరి చుట్టూ అడవి కూడా లేదు, అప్పటికే సాగులోకి పోయింది. రోజుకి 150 కిలోల మేత ఎక్కణ్ణుంచి తెస్తాడు? అలా బ్యాంకాక్ వచ్చారు. తోకకి ఎర్ర లైటు కట్టి, చెరుకు ముక్కలూ అరటిపళ్ళూ సంచుల్లో పెట్టి, ఏనుగుకి తినిపించండి అని టూరిస్టులకి అమ్మారు. కార్లు గుద్దాయి. మూతలేని డ్రైనేజీల్లో కాళ్ళు ఇరుక్కున్నాయి. పగలు ఫ్లైఓవర్ల కింద, ఖాళీ స్థలాల్లో పడుకోవడం, రాత్రి బార్ల ముందు తిరగడం. నగరం నిషేధం పెడుతూ వచ్చింది, పోలీసులు వస్తే సందుల్లోకి తప్పుకుంటూ వచ్చారు. 2010 ప్రాంతంలో జరిమానాలు గట్టిగా వేయడం మొదలెట్టాక వీధుల్లో తగ్గాయి. చాలా వరకూ టూరిస్టు క్యాంపుల్లోకి పోయాయి. 2020లో కరోనా వచ్చి క్యాంపులు మూతపడితే మళ్ళీ అదే కథ. ఏనుగుల్ని నడిపించుకుంటూ కరెన్ మావటీలు కొండల మీద సొంతూళ్ళకి తిరిగి వెళ్ళారు.

ఏనుగుని లొంగదీసే పద్ధతి అక్కడ కూడా క్రూరమే. తల్లి నుంచి పిల్లని విడదీసి, ఇరుకు కర్రల బోనులో కట్టి, తిండీ నిద్రా లేకుండా చేసి, పొడిచి లొంగదీస్తారు. కుయ్ వాళ్ళు చేసినా, కరెన్ వాళ్ళు చేసినా అది క్రూరమే. ఆదివాసీ చేతిలో అంకుశం ఉంటే అది పువ్వు అయిపోదు. ఈ మాట మనలో మనమే చెప్పుకోవాలి. లేకపోతే మన సంస్కృతి అన్న పేరు పెట్టి ఏదైనా కప్పేయొచ్చు.

దీనికి అచ్చంగా మన దేశంలో ఉన్న జోడీ అండమాన్. అక్కడ మన శ్రీకాకుళం వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు, పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు బాగా వినబడుతుంది. అండమాన్‌లో ఏనుగు పుట్టదు. అడవి నరకడం కోసం ఓడల మీద తెచ్చారు. ఉత్తర అండమాన్‌లో నరికే కాంట్రాక్టు తీసుకున్న ఒక కలకత్తా కంపెనీ 1962లో దివాలా తీసి, సుమారు 40 ఏనుగుల్ని అక్కడే వదిలేసి పోయింది. అవి ఇంటర్వ్యూ ఐలాండ్ అనే దీవిలో అడివిపడ్డాయి. మనుషుల సంగతి కూడా వినండి. ఆ అడవులు నరకడానికి బ్రిటిష్ వాళ్ళు 1918 నుంచీ ఛోటానాగ్‌పూర్ నుంచి ఒరాన్, ముండా, ఖరియా ఆదివాసుల్ని కూలీలుగా తీసుకెళ్ళారు. 'రాంచీలు' అంటారు వాళ్ళని. 1925లో బర్మా నుంచి కరెన్ వాళ్ళని తెచ్చి మాయాబందర్ దగ్గర దింపారు. థాయ్ కొండల్లో ఏనుగులు నడిపే ఆ కరెన్ జాతే. రాంచీ వాళ్ళకి ఝార్ఖండ్‌లో ఎస్టీ హోదా ఉంది, అండమాన్‌లో లేదు. తాతలు దుంగలు మోసిన నేల మీద మనవలు సర్టిఫికెట్ కోసం ఇంకా తిరుగుతున్నారు. ఏనుగుల్ని దీవిలో వదిలేసినట్టే వాళ్ళనీ వదిలేశారు. 2002లో సుప్రీంకోర్టు అక్కడ నరికివేతకి గట్టి ఆంక్షలు పెట్టింది. అప్పటికి మిగిలిన పని ఏనుగుల్లో రాజన్ అనే మగ ఏనుగు సముద్రంలో ఈత కొడుతూ ఫొటోల్లో కనబడేది. హావ్‌లాక్ దీవిలో 2016లో చనిపోయింది. ఫొటో చూసి ఎంత అందంగా ఉందో అనుకున్నాం. దీవి నుంచి దీవికి దుంగల పని మీద ఈదించి నేర్పిన ఈత అది.

ఇక్కడ మా ఎరుకల తమ్ముడు ఒక మాట అన్నాడు, అది రాయకుండా ఉండలేం. వాళ్ళ తాతమ్మ వైపు వాళ్ళు బాపట్ల దగ్గర స్టువర్టుపురం మనుషులు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి ఎరుకల వాళ్ళ కోసం ఆ సెటిల్‌మెంట్ పెట్టారు. రోజూ హాజరు, ఊరు దాటాలంటే చీటీ. ఉప్పూ ధాన్యం గాడిదల మీద వేసుకుని దేశం తిరిగిన వాళ్ళని ఒక్కచోట కట్టేశారు. "మా వాళ్ళకీ ఏనుగుకీ తేడా ఏంటన్నా, దానికి ఇనప గొలుసు, మాకు రిజిస్టరు" అన్నాడు. మనిషినీ జంతువునీ పోల్చకూడదని మాలో ఒకరు అడ్డు చెప్పారు. చాలాసేపు వాదించుకున్నాం, తేలలేదు.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్తాం. 1972 వన్యప్రాణి చట్టంలో ఏనుగు 1977 నుంచీ మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులితో సమానం. అమ్మడం, కొనడం కుదరదు. 1998లో ఎలుగు, కోతి, పులి, చిరుతలాంటి వాటి ఆటలు నిషేధించారు. ఏనుగు అప్పుడు ఆ జాబితాలో లేదు. 2009లో జూలలోనూ సర్కస్‌లలోనూ ఏనుగుల్ని పెట్టొద్దని సెంట్రల్ జూ అథారిటీ చెప్పింది. మరి గుళ్ళు, మఠాలు, ఊరేగింపులు? 2022 సవరణలో 'మతపరమైన లేదా ఇతర అవసరాల' కోసం ఏనుగుని బదిలీ చేయొచ్చని దారి తెరిచారు, 2024లో దానికి రూల్స్ వచ్చాయి. ఆ 'ఇతర' అన్న మాటలో ఏదైనా పడుతుంది. దేశంలో మనుషుల చేతిలో ఉన్న ఏనుగులు సుమారు 2,500. ఇన్ని కాగితాల్లో మావటికి జీతం ఎంత, బీమా ఉందా, ఆటలు నిషేధించాక ఎలుగుల వాళ్ళు ఏం తిన్నారు అన్నది వెతకాలంటే భూతద్దం కావాలి.

మావటి మంచిగా ఉండే చోటు కూడా ఉంది. ముదుమలై తెప్పకాడు క్యాంపులో బొమ్మన్, బెల్లి దంపతులు కాట్టునాయకన్ ఆదివాసులు. తల్లి లేని రఘు అనే ఏనుగు పిల్లని పెంచారు. ఆ కథ మీద తీసిన డాక్యుమెంటరీకి 2023లో ఆస్కార్ వచ్చింది. కర్ణాటక క్యాంపుల్లో మావటీలు, కావడీలు చాలామంది జేనుకురుబ వాళ్ళు. ఏనుగు చెవి కదలిక చూసి దాని మూడ్ చెప్పే మనుషులు. ఆ జేనుకురుబ వాళ్ళనే నాగరహొళె అడవిలోంచి ఖాళీ చేయించారు, వాళ్ళు తిరిగి వెళ్ళడానికి ఇప్పటికీ పోరాడుతున్నారు. ఏనుగుని తోలడానికి అడవి మనిషి కావాలి, అడవిలో ఇల్లు కట్టుకోవడానికి మాత్రం వద్దు.

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. 2007లో ఒడిశా లఖేరి వైపు నుంచి ఏనుగుల గుంపు మన శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీలోకి దిగింది. గిరిజనుల పంటలు పోయాయి, ప్రాణాలు పోయాయి. 2010లో వాటికి మత్తు ఇచ్చి పట్టి తరలించబోతే రెండు ఏనుగులు చనిపోయాయి, పని ఆగింది. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. అడవి ఏనుగుల్ని మళ్ళించడానికి మచ్చిక చేసిన ఏనుగులు, కుంకీలు, కావాలన్నారు. 2025 మే 21న బెంగళూరు విధానసౌధలో కర్ణాటక ప్రభుత్వం రంజన్, దేవా, కృష్ణ, అభిమన్యు అనే నాలుగు కుంకీల్ని మన రాష్ట్రానికి అప్పగించింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తీసుకున్నారు. అవి పలమనేరు దగ్గర ముసలిమడుగు క్యాంపుకి చేరాయి.

కుంకీ అంటే ఏమిటో ఆలోచించండి. ఒకప్పుడు అడవిలో పట్టుకున్న ఏనుగు, ఇప్పుడు తన జాతినే తరమడానికి నేర్చుకున్న ఏనుగు. రేపు మన్యం జిల్లాకి కూడా కుంకీలు వస్తే వాటి వెనక నడవడానికి మన సవర, జాతాపు కుర్రాళ్ళకి ఉద్యోగాలు రావొచ్చు. మాలో కొందరు వద్దంటారు, అది గొలుసు పట్టుకునే పనే అని. కొందరు అంటారు, ఎవరో ఒకరు పట్టుకోక తప్పనప్పుడు అడవి తెలిసినవాడు పట్టుకుంటేనే దానికి దెబ్బలు తగ్గుతాయి, కాకపోతే పర్మనెంటు పోస్టు ఇవ్వాలి, రోజు కూలీ కాదు. మా వరకూ రెండో మాటకే మొగ్గుతున్నాం. పోస్టు పర్మనెంటయితేనే. లేకపోతే అమలాపురంలో చూసిన కుర్రాడు ఇంకోడు తయారవుతాడు.

ఇక మీ పని. పి.గన్నవరం మండలంలో ఏనుగుపల్లి అని ఊరుంది, మనలో చాలామంది ఆ బస్సు ఎక్కే ఉంటాం. కోనసీమ లంకల మధ్య ఆ ఊరికి ఆ పేరెలా వచ్చింది? ఎవరైనా గజపతుల ఏనుగులు కట్టేసిన చోటా, ఏ జమీందారు ఏనుగో చచ్చిన చోటా, లేక ఇంకేదన్నానా? ఆ చుట్టుపక్కల యానాది, ఎరుకల పేటల్లో ముసలివాళ్ళని అడగండి. ఏజెన్సీ వాళ్ళు మీ కొండల్లో, గెడ్డల్లో ఏనుగు పేరున్న చోట్లు ఏమున్నాయో రాయండి. కోయలో, కొండరెడ్ల మాటలో, సవరలో ఏనుగుని ఏమంటారో మీ అవ్వ నోటితో పలికించి ఆడియో పెట్టండి. వేసవి సెలవుల్లోగా అయితే బాగుంటుంది, చింతూరు అన్న అన్నీ ఒక నోట్‌బుక్కులో ఎక్కిస్తానన్నాడు. ఆ కుర్రాడు మళ్ళీ ఎక్కడైనా కనబడితే, వీడియో తీసే ముందు ఏనుగుకి ఒక బకెట్ నీళ్ళూ, వాడికి ఒక టీ.